దర్భబొమ్మ మీద జెండా

దొంగతనమా? ఆదిశేషమ్మ బడి జెండాను దొంగిలించిందని నేను చెప్పాల్నా? ఏం మాటరా హజరత్తయ్యా అది! నీకు పాఠాలు చెప్పిన నోటితో నేను ఆ మాట చెప్పాల్నా?

సరే, సరే. 'రా' అనకూడదు. ఖాకీ చొక్కా వేసుకున్నావు గదా. కానిస్టేబులు గారూ! చాలునా? నవ్వకు నాయనా. నువ్వు నవ్వితే నాకు ఇంకా భయమేస్తా ఉంది.

కూర్చో. ఆ బల్ల మీద వద్దు, దాని కాలు విరిచింది మీ జట్టే. ఇన్‌స్పెక్టరు గారు నాయుడుపేటలో కాచుకోని ఉన్నారంటావు. ఉండనీ, నన్ను కుండలో నీళ్ళు తాగనీ. నోరు ఎండుకపోయింది.

నువ్వు నా మంచికే చెప్తున్నావు, కాదనను. 'జెండా మీరిచ్చినారని తెలిస్తే మీ ఉద్యోగం పోతుంది సార్. ఆమే బడి తలుపు తీసి ఎత్తుకపోయిందనండి, తగలబెట్టిందనండి, ఇంటికొచ్చేయండి.' అంతే అంటావు. నాకు అంతే. ఆమెకు? యుద్ధం ఆగినా ఆ యుద్ధంనాటి చట్టం ఇంకా ఆగలేదే! లోపలేస్తే ఎప్పుడు వదుల్తారో అడిగే దిక్కు కూడా లేదంటనే!

నాది మిషను బడి ఉద్యోగం. మేనేజరు గారు ఒక్క మాట అంటే సంచి తగిలించుకోని పోవాల్సిందే. మా ఇంటిది ఎస్తేరమ్మకు ఆయాసం, నాలుగడుగులు వేస్తే కూలబడిపోతుంది. దాన్ని తీసుకోని యాడికి పోదును, చెప్పు?

ఆదిశేషమ్మ కొడుకు రంగనాయకులు బడిలో నీ పక్కనే కూర్చునేవాడు గదా? నీ పలక మీద గుర్రం బొమ్మ వేసేవాడు, తన్నులు నువ్వు తినేవాడివి. ఎండ తప్ప ఇంకోటి ఎరగని ఒళ్ళు వాడిది. చైనా యుద్ధంలో ఆ ఒంటిని మంచుకొండల మీదికి పంపినారు, కాళ్ళకు గుడ్డ బూట్లేసి. వాడితో ఉన్న సిపాయి సెలవులో వచ్చి ఆ సంగతి ఆదిశేషమ్మ ముందరే చెప్పిపోయినాడు. ఏడాది పైగా సర్కారు వాళ్ళు 'కనబడలేదు' అన్నారు. మొన్న 'చనిపోయినట్టే' అన్నారు. చనిపోయినట్టే! తల్లికి చెప్పే మాటేనా అది?

శవం లేదు. మీ హిందువుల్లో అయితే దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేస్తారు గదా, అదే చేద్దామనుకున్నారు. ముందురోజు ఆమె ఈ గుమ్మంలో నిలబడింది. 'సారూ, సిపాయి చచ్చిపోతే జెండా కప్పుతారని మీరే గదా పాఠం చెప్పింది? నా బిడ్డ ఆ పొద్దు అన్నం తినకుండా ఎగిరెగిరి చెప్పినాడు. వాడికి కప్పొద్దా?' అనింది.

ఏమనమంటావు?

ఇచ్చినాను. పెట్టె తీసి, ఈ చేతుల్తోనే ఇచ్చినాను. ఆ జెండా అంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు. ఉప్పుగాలికి నూలు చివికిపోతుందని మంచినీళ్ళలో జాడించి, నీడన ఆరేసి, వేపాకు పెట్టి మడిచేది నేనే. మీలో ఒక్కడి చేత ముట్టనిచ్చినానా? మా వాళ్ళు పోతే మట్టి చేస్తాం, మీరు కాలుస్తారు. ఇచ్చేటప్పుడు నిప్పు సంగతి నాకు తట్టనే లేదు. తట్టలేదంటే నమ్ముతారా ఇన్‌స్పెక్టరు గారు?

ఏమంటావూ? ఆయన అడిగేది అది కాదా? ఓహో... కాల్చేటప్పుడు ఆమె నోరు తెరిచిందా లేదా అనా? ఊరకుంటే పాపం తెలియక చేసిందని మందలించి వదిలేస్తాడు. ఏదన్నా అని ఉంటే దేశాన్ని అవమానించినట్టు. అట్లనా!

అంటే తప్పు నిప్పుది కాదన్నమాట. నోటిది!

నీకు గుర్తుందా? మాట్లాడే స్వేచ్ఛ పాఠం చెప్తుంటే నువ్వే లేచినావు. 'కోపంగా మాట్లాడినా స్వేచ్ఛేనా సార్?' అన్నావు. అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. తీపిగా మాట్లాడేదానికి చట్టమెందుకురా, చేదు మాట కోసమే గదా అది రాసుకున్నాము అన్నాను. ఎంత ధైర్యంగా చెప్పినానో! ఆ పొద్దు నా ముందర ఉన్నది పిల్లకాయలు. ఇన్‌స్పెక్టరు గారు కాదు.

ఒక రాజుండేవాడంట. కష్టమొస్తే కొట్టండని కోట ముందర గంట కట్టించినాడంట. ఒక పొద్దు ఒకామె వచ్చి కొట్టిన కొట్టుడికి గంట బీటలు వారింది. రాజుకు కోపమొచ్చింది. ఇక మీదట గంటకు నొప్పి తగలకుండా కొట్టండని చాటింపు వేయించినాడు. అప్పటినుంచీ ఆ రాజ్యంలో ఎవరికీ ఏ కష్టమూ లేదంట. ఉంటే వినపడేది గదా!

కథ చెప్తున్నానా? అవున్రా, భయమేస్తే నాకు కథలొస్తాయి. ఎస్తేరమ్మ కూడా అదే అంటుంది.

ఉప్పుకాలువ గట్టున సరుగుడు కట్టెలు పేర్చినారు. పైన దర్భబొమ్మ, దాని మీద జెండా. పురోహితుడు నా దిక్కు చూసినాడు, తియ్యాల్నా, ఉంచాల్నా అన్నట్టు. తియ్యాల. అది నాకు తెలుసు. నిప్పు పెట్టకముందే తీసి మడిచి దాచాల. మీకు పాఠంలో ఆ సగం చెప్పలేదు, గంట కొట్టేసినారో ఏమో. 'తియ్యండి' అందామని ముందుకు పోయినాను కూడా.

అప్పుడే ఆదిశేషమ్మ తన మరిది చేతిలో కొరివి లాక్కొనింది. 'నా బిడ్డ చలికి బిగుసుకోని చచ్చినాడు. గుడ్డ బూట్లేసి పంపినోళ్ళ జెండా ఇది. కాలనీ! ఇదన్నా వెచ్చంగా ఉండనీ!' అనింది. అనేసి పెట్టేసింది.

నేను నోరు మూసుకున్నాను. భయపడి కాదు. ఆ గుడ్డ కాలుతుంటే నా కడుపు కాలింది, నిజం. అయినా ఆమె మాటకు అడ్డం పోబుద్ధి కాలేదు. ఈ వణుకుడు బతుకులో భయం లేకుండా నిలబడింది ఆ కాసేపే అనుకుంటా.

తల దించుకోకు హజరత్తయ్యా. నువ్వూ ఉన్నావు గదా, సరుగుడు చెట్ల చాటున, ఖాకీ లేకుండా? నీ స్నేహితుడు గదా వాడు. నీకూ వినపడింది. నీ పేరు నేను ఎత్తనులే. అది నీ ఇష్టం.

నేను మాత్రం చెప్తాను. జెండా నేనే ఇచ్చినాను, ఆపగలిగీ ఆపలేదు, ఆమె మాట విన్నాను, తప్పనిపించలేదు. ఇదీ మాట. ఇక్కడ బాగానే వచ్చింది. అక్కడ నోరు పెగుల్తుందో లేదో, దేవుడికే తెలియాల. నేను మాట మింగినానంటే, నువ్వు పక్కనే ఉండి ఒక్కసారి దగ్గు నాయనా.

పద. తాళం నువ్వు వెయ్యి. ఎస్తేరమ్మకు చెప్పొద్దు, అడిగితే మీటింగుకు పోయినానని చెప్పు.

సైకిలు మెల్లగా తొక్కు. ఎంత మెల్లగా పోతే అంత మంచిది.