జములమ్మ చేతుల మీది నలుపు

నాకు చేస్తున్న ఈ సన్మాన సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ సౌందర్య గారికి, ముందు వరుసలో కూర్చున్న గద్వాల పెద్దలకు, ఎండనక వాననక నాతో ఇల్లిల్లూ తిరిగిన ఆశా చెల్లెళ్లకు నమస్కారాలు. మనిషిని చూడగానే మన నర్సు రేణుకమ్మ రోగమేంటో కనిపెట్టేస్తుందని మందులిచ్చే సుధాకర్ ఇందాక నన్ను తెగ పొగిడాడు. ఇన్నేళ్లు నా తిట్లు తిన్న తమ్ముడు అబద్ధాలు కూడా నేర్చాడన్నమాట. (నవ్వులు)

మీరు నవ్వండి. నాకు మాత్రం రెండేళ్లుగా నవ్వు రావడం లేదు.

అప్పుడు నేతగాళ్ల వాడ నుంచి జములమ్మ వచ్చింది. చీరల నూలుకు రంగులు వేసి ఎండలో ఆరేసే మనిషి. మోచేతుల దాకా నల్లబడి, తోలు గరుకెక్కింది. "నర్సమ్మా, మంటలేస్తున్నయి, ఎండల నిలబడితే ఇంకెక్కువైతుంది" అంది. మన వాడల్లో రంగు అంటని చెయ్యి ఎక్కడుంది? "రంగు పని చేసేటోళ్లకు గట్లనే ఉంటది, సబ్బు పెట్టి మంచిగ రుద్దు" అని పంపేశాను. నెల తిరిగేసరికి తోలు చిట్లి వచ్చింది. "నువ్వు చెప్పినట్లే రోజూ రుద్దుతున్న" అంది. పూతమందు ఇచ్చాను.

రంగైతే అరచేతుల్లో, గోళ్ల సందుల్లో కనబడాలి కదా? ఆమె అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. నలుపంతా ఎండ తగిలేచోటే, చేతుల వెనకవైపూ మెడ చుట్టూ. మెడకు రంగు ఎవరు పూసుకుంటారు? చూశాను, ఆలోచించలేదు.

మూడోసారి ఆమె భర్త కురుమూర్తి ఎత్తుకొచ్చాడు. విరేచనాలు ఆగడం లేదు, కట్టుకున్నవాణ్ణే గుర్తుపట్టడం లేదు. పెద్ద దవాఖానకు పంపితే, అక్కడి చిన్న డాక్టరు శ్రవణ్ కుమార్ ఒక్కటే అడిగాడు, ఏం తింటుందని. "జొన్నరొట్టె, కారం సార్. పప్పు మాకేసి, నాకొద్దు అంటది" అన్నాడు కురుమూర్తి. బి విటమిన్ లోపమట, ఎండ తగిలేచోట తోలు నల్లబడేది దానివల్లేనట. మూడో రోజుకు జములమ్మ పోయింది. ఆ ప్రశ్న నేనొక్కసారీ అడగలేదు. ఆ మాత్రలు నా బీరువాలో డబ్బాలకొద్దీ ఉన్నాయి.

చెల్లెళ్లూ, రంగని, ఎండని, వయసు మీద పడిందని కొట్టిపారేయకండి. మెడ చూడండి, తిండి అడగండి. అడుగుతారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు, వందమంది వరసలో నిలబడితే నేనే అడగలేదు కనుక.

కురుమూర్తి తమ్మీ, నాకు కప్పడానికి శాలువా పట్టుకుని నా పక్కనే నిలబడ్డావు. జములమ్మ దినాల నాడు "నీ చేతనైనంత చేసినవ్, నర్సమ్మా" అని నాకు దండం పెట్టావు. చెయ్యలేదు తమ్మీ. ఇన్నాళ్లూ నీతో చెప్పే ధైర్యం లేకపోయింది.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ శాలువా ఇంటికి తీసుకుపో, తమ్మీ. సెలవు.