దశరథం ముక్కు

సాతంరాయి దగ్గర బెంగళూరు హైవే పక్కన నిలబడి ఉండే పొల్యూషన్ బండి దశరథానిది. వాహనాల పొగ పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం అతని పని. ముప్పై ఏళ్లు లారీ మెకానిక్‌గా చేసి, పోయినేడాది ట్రైనింగ్‌కి వెళ్లి, పరీక్ష రాసి ఈ పనికి అర్హత సంపాదించుకున్నాడు. ఆ అర్హత కాగితానికి లామినేషన్ చేయించి బండి తలుపుకి బిగించాడు కూడా.

ఆ పొద్దున బండ్లేవీ రాలేదు. పక్కనున్న ప్రేమమ్మ చాయ్ కొట్టు బల్ల మీద చేరాడు. అక్కడ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపే యెషయా, కార్గో ఆఫీసులో పనిచేసే హరిప్రసాద్ కూర్చుని ఉన్నారు.

"ఆ పరీక్ష కష్టంగా ఉంటుందాండీ?" అని హరిప్రసాద్ మర్యాదకి అడిగాడు. అంతే.

"కష్టమా? సారూ, నలభై మందిమి కూసున్నం. అందరు మొన్న మొన్న కాలేజీల నుంచి బయటపడ్డ పోరగాళ్లు. నాది ఐటిఐ, గది గూడ ముప్పై ఏండ్ల కిందిది. సార్ వచ్చి ఓ పెట్రోల్ కారు స్టార్ట్ చేసి, సైలెన్సర్ల మిషిన్ కడ్డీ పెట్టి, పొగల కార్బన్ మోనాక్సైడ్ ఎంతున్నదో చెప్పమన్నడు. సరిగ్గ గప్పుడే కరెంటు పోయింది. అందరు పరేషాన్. నేను మెల్లగ లేసి, సైలెన్సర్ కాడ వంగి, ఒక్కపారి గాలి పీల్చి 'రెండున్నర శాతం' అన్న. కరెంటు వచ్చినంక మిషిన్ ఏం చూపెట్టిందో తెలుసా? రెండు పాయింట్ ఐదు!"

"మంచిగున్నది," అంది ప్రేమమ్మ గిన్నె తోముతూ.

"ఇంకా అయిపోలేదక్కా. సార్‌కు నమ్మకం కాలే. నా కండ్లకు గంతలు కట్టి పది బండ్లు వరసగ నిలబెట్టిండు. ఇది బస్సు, ఇది ఆటో, ఇది బాలాపూర్‌ల డీజిల్ కొట్టిచ్చుకున్న లారీ, దీని డ్రైవర్ పొద్దుగాల ఉల్లిగడ్డ తిన్నడు అని చెప్పుకుంట పోయిన. డ్రైవర్‌ను పిలిచి అడిగితే నిజమే, ఉల్లిగడ్డే!"

"పొగలో ఉల్లిపాయ వాసన ఎలా వస్తుందండీ?"

"నీ అసుంటోళ్లకు రాదు సారూ, అందరికీ గా ముక్కుండదు." దశరథం ముఖంలో నవ్వు లేదు. ప్రార్థన చేసేవాడిలా కళ్లు మూసుకుని చెబుతున్నాడు. "ఇగ గప్పటిసంది ఏమైందంటే, మైలార్‌దేవ్‌పల్లిల లారీ బయలుదేరితే నాకు ఇక్కడ తెలుస్తది. దాని ఎయిర్ ఫిల్టర్ మార్చక ఎన్నేండ్లయిందో గూడ తెలుస్తది. ఓ రోజు బండి కాడ కూసున్న. పైన విమానం పోతున్నది. గాలి ఇటు కొట్టింది. నా పానం ఝల్లుమన్నది. ఎడమ రెక్క ఇంజన్ పొగల తేడా ఉన్నది! ఎంటనే ఫోన్ కొట్టిన. దింపిండ్రు. చూస్తే ఏముంది, నేను చెప్పిందే. మూడు వందల మంది జనం! పైలట్ వచ్చి కాళ్ల మీద పడబోతుంటే 'వద్దు బిడ్డా, ఇది నా డ్యూటీ' అన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇప్పుడు ఏ విమానమైనా గాలిల తిరుగుకుంట ఉంటది. నేను ఇక్కడ నిలబడి వాసన చూసి తలకాయ ఊపితేనే కిందికి దిగుతది."

"నేను ఎయిర్‌పోర్టులోనే పని చేస్తున్నాను. ఎప్పుడూ వినలేదే!"

"గిసుంటియి బయటికి చెప్పరు సారూ, జనం భయపడుతరు. గా మోనాక్సైడ్ ఉన్నది చూడుండ్రి, దాని వాసన తడిసిన ఇనుము లెక్క ఉంటది, జర తియ్యగ. గది ముక్కుకు తగిలితే సచ్చిన నిద్రలకెల్లి గూడ లేస్త నేను."

యెషయా ఇప్పుడు తలెత్తాడు.

"దశరథన్నా, దానికి వాసన ఉండదే."

"ఎవడు చెప్పిండు?"

"దవాఖానల డాక్టర్ చెప్పిండు. మా తమ్ముడు బ్లెసన్ గుండాగి పోయిండని మీరందరు అనుకున్నరు. మేము గూడ ఎవలకు చెప్పలే. రెండు ట్రిప్పుల నడుమ ఎండకు తాళలేక, ఓ రేకుల షెడ్డుల కారు పెట్టి, ఏసీ ఏసుకొని, అద్దాలెక్కిచ్చి పండుకున్నడు. తిందాం రమ్మని మూడు గంటలకు పోయిన. మొఖం ఎర్రగ, బతికున్నోని లెక్కనే ఉన్నది. శానాసేపు లేపిన. సైలెన్సర్ పైపుకు సీటు కింద చిల్లు పడ్డదట. పొగంత లోపలికొచ్చింది. గా కారుకు పొల్యూషన్ కాయితం గూడ ఉన్నది, ఇంక నాలుగు నెల్లు టైమున్నది. వాసనుంటే మావోడు లేస్తుండె గద అన్నా."

ప్రేమమ్మ చేతులు గిన్నె మీదే ఆగిపోయాయి. హైవే మీద రెండు లారీలు పోయాయి. దశరథం తన అరచేతుల కేసి చూసుకుంటూ ఉండిపోయాడు.

"మేము కడ్డీ ఎనక పెట్టి చూస్తం," అన్నాడు. "నడుమ చిల్లుంటే మాకు తెల్వది."

దశరథం యెషయా వైపు తిరిగాడు.

"గా ప్రశ్న నాకు పరీక్షల వచ్చింది యెషయా. మోనాక్సైడ్ వాసన ఎట్లుంటది అని. నాలుగు జవాబులిచ్చిండ్రు. వాసనే ఉండదన్నది ఆఖరుది. ఇన్నేండ్లు పొగల బతికినోన్ని, నాకు తెల్వదా అని ఇంకోటి పెట్టొచ్చిన. మిగిలినయి కరెక్టైనయి గనుక పాసైన. గిప్పటిదాంక అది తప్పనే అనుకోలే."

తర్వాత అడిగాడు: "నువ్వు గూడ బండ్ల పండుకుంటవా?"

"పండుకుంట. కిరాయి దొరికేదాంక ఏం జేస్తం? ఒక అద్దం దించుకుంట."

దశరథం లేచి, తన బండిలోంచి ఓ గోనెసంచి, టార్చి తీసుకొచ్చాడు. చెప్పులు విడిచి, కొట్టు ముందు ఆపి ఉన్న యెషయా క్యాబ్ కింద సంచి పరుచుకుని వెల్లకిలా దూరాడు. పాదాలు మాత్రం బయట కనిపిస్తున్నాయి.

"స్టార్ట్ చెయ్యి. చేసి నువ్వు బయటికి రా, లోపల కూసోకు."

యెషయా స్టార్ట్ చేసి దిగాడు. కింద టార్చి వెలుగు అంగుళం అంగుళం జరుగుతోంది. హరిప్రసాద్‌కి ఆఫీసు టైమైనా కదల్లేదు.

"ఏమన్న ఉన్నదా అన్నా?" యెషయా వంగి అడిగాడు.

"జర ఆగు," అంది కింది నుంచి గొంతు. "ఇంకా తెల్వది."