చప్పట్లు కొట్టని ఒకటో తరగతి

హెడ్మాస్టరు తలుపు వేసి, ఒకటో తరగతి పంతులమ్మను నిలబెట్టే అడిగారు.

“ఇవాళ మన స్కూలు ఛైర్మన్‌గారు గంటసేపు మాట్లాడితే మీ పిల్లలు ఒక్కసారీ చప్పట్లు కొట్టలేదేమ్మా? ఆయన ముఖం మాడిపోయింది. మిమ్మల్ని పర్మినెంటు చేయాల్సింది ఆయనే.”

“ఫుల్‌స్టాప్ రాగానే చప్పట్లు కొట్టమని నేర్పానండీ. పాపం, చేతులెత్తి పట్టుకునే కూర్చున్నారు.”

“మరి?”

“అది రాలేదండీ.”

“పోనీ, కామా దగ్గర?”

“ఊపిరి పీల్చుకోమన్నాను. ఆయన అక్కడా ఆగలేదు.”

“రేపు మళ్ళీ వస్తున్నారు. వేరేగా నేర్పండి.”

“మీరెప్పుడు కొడతారండీ?”

“ఆయన నావైపు చూసినప్పుడల్లా.”

“ఆ గుర్తు బోర్డు మీద ఎలా వేయమంటారు?”

హెడ్మాస్టరు కుర్చీ చూపించారు.

“కూర్చోండమ్మా. మీ ఉద్యోగం సంగతి నేను చూస్తాను. పిల్లల జోలికి పోవద్దు, ఆ చప్పట్లేవో నేనే కొడతాను.”