తెనాలి నిద్రపోయినా రేపల్లెకు అందిన కబురు

1988 ఆగస్టు 16వ తేదీన, సన్నగా తుంపర పడుతున్న ఒక మంగళవారం ఉదయాన, లిడియా గారు మన డ్రెయిన్ల రైతు సంఘాల సమాఖ్య బాపట్ల శాఖలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. ఆ రోజు వారి తండ్రి దేవదానం గారు చుండూరు నుంచి వెంట వచ్చి, ఆఫీసు గుమ్మం దాకా దిగబెట్టి, లోపలికి రమ్మంటే మాత్రం కాళ్లకు బురదుందని బయటే నిలబడిపోయారు. అలా ఆరంభమైన ఆ ఉద్యోగ ప్రస్థానం ఈ డిసెంబరు 31వ తేదీన పరిసమాప్తమవుతున్న శుభసందర్భంలో, వారి సేవలను పదుగురి ఎదుట స్మరించుకోవడం మనందరి కర్తవ్యం, సంతోషం కూడాను.

ఈ సంచికను వారి ఇంటివారూ చదువుతారు కనుక మన సమాఖ్య చేసే పని ఏంటో ముందుగా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. తెనాలి, చుండూరు వైపు పొలాల్లో మిగిలిన నీరంతా డ్రెయిన్లలో పడి కిందికి పారి, రేపల్లె దిగువన సముద్రంలో కలుస్తుంది. కలిసే చోట లాకు ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు లాకు షట్టర్లు దించకపోతే ఉప్పునీరు చేలల్లోకి ఎగదన్నుతుంది. పాటు మొదలయ్యాక ఎత్తకపోతే వాననీరు పోయే దారి లేక పైనున్న చేలు మునుగుతాయి. పైనున్న వాళ్ల కబురు కింద షట్టర్లు ఎత్తి దించే లష్కరుకు వేళకు అందాలి. మన సమాఖ్య పుట్టిందే ఆ కబురు కోసం.

లిడియా గారు ఉద్యోగంలో కుదురుకుంటున్న రోజుల్లోనే పెద్ద తుపాను వచ్చింది. టెలిఫోను స్తంభాలు నేలకూలాయి. షట్టర్లు ఎత్తమని కబురు టైపు చేసింది వారే. దాన్ని చొక్కా లోపల దాచుకుని సైకిలు మీద రేపల్లెకు బయలుదేరింది మన బాపట్ల శాఖ ప్యూను కోటయ్య గారు. దారంతా విరిగిపడ్డ చెట్లు. సైకిలును తొక్కినంత దూరం తొక్కి, మిగతా దూరం భుజాన మోసి, మర్నాటికి గాని ఆయన లాకు చేరలేకపోయారు. ఈలోగా చుండూరులో చేలు మునిగాయి. అందులో దేవదానం గారి కౌలు చేనూ ఉంది. కుళ్లిన కంకులు చేతిలో పట్టుకుని ఆ పెద్దాయన కూతురితో, "కబురు రాసింది నువ్వేనంటగా అమ్మాయ్. బాగానే రాసుంటావులే. దానికి కాళ్లు లేకపోయె," అన్నారట. కోప్పడినా బాగుండేదని లిడియా గారు ఇప్పటికీ అంటారు. కబురుకు కాళ్లు పెట్టాలన్న పట్టుదల వారి మనసులో నాటుకున్నది ఆనాడే.

ఆ తరువాత వారికి జాన్సన్ గారితో వివాహమైంది, జ్యోత్స్న పుట్టింది, తెనాలికి బదిలీ వచ్చింది. ఆఫీసుకు కంప్యూటరు వచ్చిన రోజున మేమందరం దానికి బొట్టు పెట్టి దూరంగా నిలబడితే, దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నది వారొక్కరే. అనంతరం రేపల్లెలో సూపరింటెండెంటుగా, మళ్లీ తెనాలిలో కంప్యూటర్ల విభాగానికి బాధ్యులుగా, ఎక్కడ పనిచేసినా గట్ల వెంట నడిచి, లష్కర్లతో కూర్చుని టీ తాగి, నీటి సంగతి నీటి దగ్గరే తెలుసుకున్న ఉద్యోగిని వారు. సెల్‌ఫోన్లు వచ్చాక అందరం ఇక దిగుల్లేదనుకున్నాం. వారు మాత్రం, గాలి గట్టిగా వీస్తే ముందు పడుకునేది టవరేనని చెబుతూనే ఉన్నారు.

ఆ దిగులుతోనే వారు బాపట్లలో ఒక రేడియో మాస్టారి దగ్గర, ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లి కూర్చుని, మెష్ నెట్‌వర్క్ అనే విద్య నేర్చుకున్నారు. మా బోటి వాళ్లకు అర్థమయ్యేలా వారు చెప్పింది ఇది. నాట్ల వేళ నారు కట్టలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకుంటూ చేను అవతలి గట్టుకు చేరుస్తాం కదా, ఈ పెట్టెలూ అంతే. అరచేతిలో పట్టే రేడియో పెట్టె ఒక్కొక్కటి ఒక్కొక్క ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లోనో డాబా మీదనో ఉంటుంది. తన దగ్గరికి వచ్చిన కబురును పక్క ఊరి పెట్టెకు అందిస్తుంది. వరసలో ఒకరు లేకపోతే కట్ట ఇంకొకరి చేతిలో నుంచి పోతుంది. వీటికి మేస్త్రీ లేడు, పెద్ద చిన్న లేదు. ఒక్కటే నియమం: ఆ పెట్టెను నడిపే ప్రోగ్రాం, తెర మీద కనిపించినా కనిపించకపోయినా, వెనక ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి.

పెద్ద చిన్న లేదన్న మాట మన అధ్యక్షులు పూర్ణచంద్రరావు గారికి ఎంతమాత్రమూ రుచించలేదు.

"అదేంటండి లిడియా గారూ, తెనాలి హెడ్డాఫీసు కదా. ఏ కబురైనా మన ద్వారానే పోవాలి. ఎవరికి వారే పంపుకుంటే మనమెందుకిక్కడ?"

"మీరుంటే మీ ద్వారానే పోతాయి సార్. మీరు లేని రోజునో?"

"నేనెక్కడికి పోతానండి!"

గదిలో నవ్వులు. నవ్వుల మధ్యే అధ్యక్షుల వారు ఆజ్ఞ కూడా ఇచ్చేశారు. ఊళ్లలో పెట్టెలు పెట్టుకోవచ్చు గాని, ఆ వానాకాలం దాకానే గడువు. ఈలోగా పెట్టెల వల్ల ప్రయోజనం కనిపించకపోతే అన్నీ దింపించేయాలి. లిడియా గారు ఎన్నో ఏళ్లుగా మోసుకొచ్చిన పట్టుదల ఆ ఒక్క వానాకాలం మీద నిలబడింది.

ఇక ఆ నెలల్లో లిడియా గారు పడ్డ పాట్లు చెప్పుకుంటే ఒకటి కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం ఆగిపోయేది. ఊరూరా ఫోను చేసి మళ్లీ మొదలుపెట్టమని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఒకరు గేదెను కట్టేసి వస్తానంటారు, ఒకరు ప్రార్థన అయ్యాక చూస్తానంటారు. ఇలా కాదని వారు కుస్తీ పట్టి, కరెంటు రాగానే ఎవరూ ముట్టుకోకుండా దానంతటదే లేచే సర్వీసుగా దాన్ని మార్చారు. ఆ రోజు ఆఫీసులో అందరికీ పూతరేకులు పంచారు.

అంతటి సర్వీసుకూ మన బాలస్వామి మాత్రం లొంగలేదు. బాలస్వామి మన తెనాలి వాచ్‌మన్. ఒకప్పుడు వైర్లు కాలి రికార్డు గదికి నిప్పంటుకున్నప్పటి నుంచి, సాయంత్రం తాళం వేసే ముందు కరెంటు మెయిన్ కట్టేయడం అతనికి ఒక వ్రతం. పొద్దున లిడియా గారు వచ్చేసరికి తెనాలి పెట్టె చల్లగా పడి ఉండేది.

"ఎందుకు కట్టేశావు బాలస్వామీ?"

"తెర నల్లగా ఉందమ్మా. పని లేదనుకున్నా."

"నువ్వు కళ్లు మూసుకుని పడుకుంటావా?"

"పడుకుంటానమ్మా."

"అప్పుడు ఊపిరి కట్టేస్తావా?"

బాలస్వామి బుర్ర గోక్కున్నాడు. "కట్టేస్తే మా ఆవిడ ఊరుకోదమ్మా."

"ఇదీ అంతే. తెర మూసుకుంటుంది, ఊపిరి మాత్రం నడుస్తుంది. దాని జోలికి పోకు."

అంతటితో ఆగక వారు ఆ పెట్టెకు ఒక బుల్లి ఎర్ర దీపం తగిలించారు. కబురు దాటినప్పుడల్లా మిణుక్కుమనేది. ఆ మిణుకు చూశాక బాలస్వామి దానికి కాపలాదారు అయిపోయాడు. పక్కన ఎవరైనా గట్టిగా మాట్లాడితే, "మెల్లిగా, అది పనిలో ఉంది," అని గదమాయించేవాడు.

రెండేళ్ల కిందట, ఆ గడువు వానాకాలం చివర్లోనే, వరి కంకులు పాలు పోసుకునే వేళ, తుపాను బాపట్ల వైపే వచ్చింది. ఆ పొద్దున లిడియా గారూ అధ్యక్షుల వారూ బాపట్ల శాఖలోనే ఉన్నారు. మధ్యాహ్నానికి కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఇన్వర్టరు మీద ఒక్క కంప్యూటరూ, ఆ మధ్యే తగిలించిన బ్యాటరీల మీద ఊళ్లలో పెట్టెలూ నడుస్తున్నాయి. చుండూరులో తండ్రి చేనునే చేస్తున్న వారి తమ్ముడు బర్నబాస్ గారి నుంచి, పొన్నూరు పెట్టె మీదుగా కబురు వచ్చింది: "అక్కా, నీళ్లు గట్టుకు జానెడు కిందున్నాయి. లాకు ఎత్తించు."

లిడియా గారు రేపల్లె లష్కరు ఆసిఫ్‌కు కబురు పెట్టారు. ఎప్పుడూ అది తెనాలి మీదుగానే పోయేది. అప్పుడు చూస్తే, తెర మీద ఊళ్ల వరసలో తెనాలి పేరు లేదు. అక్కడ ఉరుములు మొదలయ్యేసరికి బాలస్వామికి పాత మంటలు కళ్ల ముందు మెదిలాయి. మెయిన్ కట్టేసి, పెట్టె బ్యాటరీ వైరు కూడా పీకేశాడు.

"తెనాలి పోయిందా!" అధ్యక్షుల వారు తెర మీదికి వంగారు. "హెడ్డాఫీసే పోయాక ఇంకేముందండి?"

"పోలేదు సార్, పడుకుంది. కబురు ఇంకో దారి వెతుక్కుంటుంది."

"ఎవరు వెతుకుతారు? మనిషెవరూ లేరుగా!"

"వెనక నడుస్తోందే సార్, అదే."

మాట ధీమాగానే అన్నారు కాని, వారి చేతివేళ్లు బల్ల అంచును గట్టిగా పట్టుకునే ఉన్నాయి. మిగిలిన దారి ఒక్కటే, చెరుకుపల్లి. అక్కడ పెట్టె ఉన్నది కుట్టుపని చేసే సుల్తాన్ బీ ఇంట్లో. చోటు లేదు, తీసేస్తానని ఆవిడ అప్పటికే అంటూ ఉంది. ఉంచిందో తీసేసిందో తెలియదు. బయట రేకులు లేచి ఎగురుతున్నాయి. నాన్న చేతిలోని కుళ్లిన కంకులే లిడియా గారి కళ్లలో ఉన్నాయి. తెర వైపు చూపు మాత్రం తిప్పలేదు.

తెర మీద అక్షరాలు పడ్డాయి. ఆసిఫ్. "అందిందండి. ఇప్పుడే పాటు మొదలైంది. నలుగురం లాకు ఎక్కుతున్నాం." ఇంకాసేపటికి: "షట్టర్లు లేచాయండి." పొద్దు వాలే వేళకు బర్నబాస్ గారు: "నీళ్లు తీస్తున్నాయక్కా. చేను తల కనపడుతోంది."

అధ్యక్షుల వారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "తెనాలి లేకుండానే పోయిందన్నమాట," అన్నారు. ఆ మాటలో నొచ్చుకోవడం లేదు, ఆశ్చర్యం ఉంది. పెట్టెలు దింపే ప్రస్తావన మళ్లీ రాలేదు. పైగా ఇంకా ఊళ్లలో పెట్టమని వారే తీర్మానం చేయించారు.

లిడియా గారు కృతజ్ఞతలు చెప్పడానికి చెరుకుపల్లి వెళ్తే సుల్తాన్ బీ తెల్లబోయిందట. "ఏ పెట్టె అక్కా? ఓ, అదా! దాని మీద దారపు ఉండలు పెట్టుకున్నాగా. కింద పెట్టె ఉందన్న సంగతే మర్చిపోయా."

"మర్చిపోయావు కాబట్టే బతికింది తల్లీ," అని లిడియా గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

బాలస్వామి తల వంచుకుని వచ్చి నిలబడితే, లిడియా గారు కోప్పడలేదు. "నువ్వు కట్టేశావు కాబట్టే అధ్యక్షుల వారికి అర్థమైందయ్యా. ఇన్నాళ్లు నేను చెప్పినా అర్థం కాలేదు," అన్నారు. అతను నవ్వాలో ఏడవాలో తెలియక టీ తెచ్చాడు.

ఇప్పుడు వారు వెళ్తున్నారు. వారి స్థానంలో ఎవరని అడిగితే, "ఎవరూ వద్దు, అందరూ చూసుకోండి," అన్నారు. వీడ్కోలుకు ఏం కావాలంటే శాలువా, గడియారం వద్దన్నారు. "మా ఈపురుపాలెం ఇంటి మీద ఒక పెట్టె పెట్టుకోనివ్వండి, చాలు," అని అడిగి, పోయిన వారమే తామే డాబా ఎక్కి బిగించుకున్నారు. అప్పటి నుంచి మన తెర మీద ఊళ్ల వరసలో చివర "ఈపురుపాలెం లిడియా" అన్న పేరు కనిపిస్తోంది. పొద్దున తాళం తీయగానే బాలస్వామి ముందు దాన్నే చూసి, "అమ్మగారు లేచారండి," అని అందరికీ చెబుతున్నాడు.

లిడియా గారికి ఆయురారోగ్యాలు నిండుగా కలగాలని, జాన్సన్ గారితోనూ జ్యోత్స్న కుటుంబంతోనూ కంటినిండా నిద్రపోతూ, ఏ తుపానుకూ ఉలిక్కిపడి లేవకుండా నూరేళ్లు చల్లగా ఉండాలని ఆ దేవుణ్ణి వేడుకుంటున్నాం. ఆ పేరు ప్రతి ఉదయం మన తెర మీద అలాగే వెలుగుతూ ఉండాలి. మెయిన్ సంగతి బాలస్వామి చూసుకుంటాడు.

— కొండమ్మ,
విశ్రాంత అటెండరు, తెనాలి