కొత్తగా చేరిన ఆరుగురు

పాశమైలారంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీ. ఓనరు ఆఫీసు గది తలుపు గడియపెట్టి, అకౌంటెంట్ వైపు తిరిగాడు.

“కొత్తోళ్లను పెట్టుకున్నందుకు సర్కారిచ్చిన పైసలను ఆదాయం కింద ఎందుకు రాసిన్రు మేడం?”

“ఆదాయమే కదండీ. పన్ను కూడా కట్టేశాం.”

“జీతాల ఖర్చుల తగ్గించి రాస్తే ఎవ్వలకు అనుమానం రాకపోవు. ఇప్పుడు ఆ ఆరుగురిని సూపియ్యాల్నట. పీఎఫ్ ఆఫీసరు తొవ్వల ఉన్నడు.”

“చూపించండి. వాళ్ళ జీతాలు మీరే వేసేవారు, పేర్లు కూడా నాకు చెప్పలేదు. షిఫ్టులోనే ఉంటారుగా?”

“ఉంటే గదా!”

“అయ్యో! మరి పీఎఫ్ నంబర్లు ఎలా వచ్చాయండీ? ఫోన్లో ముఖం చూపించాలి కదా?”

“మా సుట్టాలను ఐదుగురిని పిలిచి, ఫోన్ ముందట కండ్లార్పమన్న. గంతే.”

“ఆరో మనిషి?”

“జెర కూసోండి మేడం.”

“ఎవరండీ?”

“మీ బిడ్డ ఇంద్రజకు పనియ్యమని, ఆధార్ కార్డిచ్చి నా దగ్గరికి పంపిన్రు గదా.”

“పని లేదని పంపించేశారుగా!”

“పంపించే ముందు, ఒక్కసారి కండ్లార్పమన్న.”