చేదు పగలనివ్వని బక్కమ్మ గారు

2015 జూన్ 8, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు శ్రీమతి బక్కమ్మ గారు మహబూబ్‌నగర్‌లోని మన మత్స్య పరిశోధనశాలలో సహాయకురాలిగా చేరారు. పదకొండు గంటలకల్లా మొదటి పని పూర్తి చేశారు. పరిశోధన కోసం తెచ్చిన ఆరు రవ్వ చేపలను పొలుసు తీసి, కడిగి, కూరముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి ట్రేలో పెట్టారు.

అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆమె చేపల బజారులో కత్తిపీట ముందు కూర్చున్నారు. చేపలు కోసిపెట్టమంటే ఆమెకు తెలిసిన పని అదే. కానీ పరిశోధన నడిపే డాక్టర్ సుహాసిని గారికి కావలసినవి కాలేయం, మూత్రపిండాలు, ప్లీహం.

"లోపలిదంత ఏది బక్కమ్మా?"

"బకెట్ల ఏసిన మేడం. గది ఎవ్వలన్న తింటరా?"

"తినేటందుకు కాదు, చూసేటందుకు."

"జర ముందుగాల చెప్పొద్దా! ఇగ నా నౌకరి పోయినట్టేనా?"

ఆ భయానికి కారణం ఉంది. ఆమె పనిని నెల రోజులు చూసి, నచ్చితేనే ఉంచుకోవాలని అనుకున్నారు. అలాంటి చేపలు మళ్లీ రావాలంటే వారం పడుతుంది.

సుహాసిని గారు బకెట్ తెప్పించి చూశారు. అవయవాలు పరీక్షకు పనికిరావు. కానీ ఆరు పిత్తాశయాలూ పగలలేదు. రవ్వ చేపలో కాలేయం పేగుల మధ్య అల్లుకుని ఉంటుంది, పిత్తాశయం దాన్ని అంటుకుని ఉంటుంది. అది పగిలితే నమూనా చెడుతుంది. ముందువారం పరిశోధకులు కోసిన ఎనిమిదింటిలో మూడు అలాగే పోయాయి.

"ఇది పగలకుండ ఎట్ల తీసినవ్?"

"చేదు పగిలితె కూర పారబోసుడే. గిరాకి మల్ల మన మొకం చూస్తదా?"

జూన్ 15న మళ్లీ చేపలు వచ్చాయి. లవంగనూనె కలిపిన నీటిలో చేపకు మత్తు ఇవ్వడం, ఏ అవయవం ఏ సీసాలోకి వెళ్లాలో చూడడం బక్కమ్మ గారు ఆ వారంలోనే నేర్చుకున్నారు. జూలై 8న ఉద్యోగం ఖాయమైంది.

2018 నుంచి కళాశాల విద్యార్థులకు కోత నేర్పే పని కూడా ఆమెదే.

"కత్తి మొన పైకి పట్టు బిడ్డా. లోపలికి పొడిస్తె నాకైతె గిరాకి పోయేది, నీకు మార్కులు పోతయ్."

ఏటా జూన్ 8న ఆమె ఇంటి నుంచి మనందరికీ చేపల పులుసు తెచ్చారు. చేపలు బజారువే, ప్రయోగశాలవి కావు, అడిగి నిర్ధారించుకున్నాం.

2025 జూలై 31న పదవీ విరమణ చేస్తున్న బక్కమ్మ గారు భర్త ఎల్లస్వామి గారితో, కూతురు రూపతో నిండు ఆరోగ్యంగా నూరేళ్లు గడపాలని సహోద్యోగులందరం కోరుకుంటున్నాం.

ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు, జూలై 24 గురువారం, ఆమె చివరిసారిగా ఆరు రవ్వ చేపలు కోశారు. సుహాసిని గారు పక్కన నిలబడి చూశారు. ఆరు పిత్తాశయాలూ పగలలేదు.