సెల్లార్ తాళం

కాలిఫోర్నియాలో కొండమీద మిసెస్ హాలిస్టర్ బంగళా. యజమానురాలు ఊళ్లో లేదు. లోయంతా మంటలు. వాకిట్లో ఆవిడ డబ్బిచ్చి పెట్టుకున్న ప్రైవేటు ఫైరింజన్. దాని సిబ్బందికి పెద్ద రాయిస్. ఎదురుగా పనిమనిషి మారిసెలా.

"మళ్లీ అడుగుతున్నా. సెల్లార్ తాళం చెవి ఏది?"

"పోయింది సార్."

"పొద్దున నీ మెడలో వేలాడిందేంటి మరి?"

"అదా... మా ఇంటిది."

"లోయలో మీ రేకుల ఇళ్లు ఎప్పుడో కాలి బూడిదయ్యాయి, ఇంకా తాళమెందుకు? ...అయ్యో, నోరు జారాను."

"ఫర్లేదు సార్. మా వీధికి ఏ ఫైరింజనూ రాలేదు లెండి."

"విను. మేడమ్ ఫోన్ చేసింది. వైన్ సీసాలన్నీ బండికెక్కించి, కొండ అవతల సరస్సు దగ్గరున్న తన ఇంకో ఇంటికి వెళ్లిపొమ్మంది."

"మరి ఈ ఇల్లు?"

"పోతే పోనీ అంది. ఇన్సూరెన్సుందిగా. ఈసారి ఈతకొలను పడమటివైపు కట్టించుకుంటుందట."

"వెళ్లొద్దు సార్."

"ఏం?"

"మంచి ఇల్లు సార్. ఎన్ని గదులో..."

"ఊడ్చేది నువ్వేగా! కాలిపోతే నీ నడుముకే సుఖం."

"కాఫీ పెడతాను. మా మొక్కజొన్న కుడుములు, తమాలేలు కూడా ఉన్నాయి, పెద్ద గుండిగెడు చేశాను."

"ఒక్కదానివి. గుండిగెడెందుకు?"

"...అలవాటు సార్."

"గాలి ఇటు తిరుగుతోంది. తాళమిస్తావా, గొడ్డలి తెప్పించనా?"

"గొడ్డలొద్దు! భయపడతా—"

"ఎవరు?"

"నేనే. నేనే భయపడతాను."

"ష్... ఎవరా దగ్గేది?"

"నేనే సార్."

"నీ నోరు కదల్లేదు. కిందనుంచొచ్చింది. మారిసెలా, సెల్లార్లో ఎవరున్నారు?"

"మేడమ్‌కి చెప్పకండి. ఉద్యోగం పోతుంది. పోలీసులొస్తారు."

"ఎవరంటే చెప్పవేం!"

"మా వీధి వీధంతా సార్. ముసలాళ్లు, పసిపిల్లలు, మంచం దిగలేని మా అమ్మ. మీ బండిలో పట్టరు. కిందికి దారీ మూసుకుపోయింది."

"బుద్ధుందా? పైన ఇల్లంటుకుంటే కింద పొగకే చస్తారు!"

"అంటుకోదనే తెచ్చాను. ఏ మంటొచ్చినా ఈ ఇంటి మీద నిప్పురవ్వ పడనివ్వం అని పొద్దున మీరే అన్నారు. ఇంత లోయలో ఫైరింజనున్న ఇల్లు ఇదొక్కటే సార్."

"అన్నాను, నిజమే."

"సార్, మీ ఫోన్. మేడమే."

"హలో. లేదు మేడమ్, ఇంకా బయల్దేరలేదు. మీ సీసాలు సెల్లార్లోనే ఉన్నాయి, తాళం చెవేమో పోయింది. అది దొరికేదాకా మేం ఇక్కణ్ణుంచి కదలం."